కొయ్యలో బిగువు, ఇనుములో బిగువు: ఇంట్లో అమర్చుకునే చెకుముకి రైఫిల్ కిట్‌పై సమీక్ష

పెన్సిల్వేనియా పొడుగు రైఫిల్ నమూనాలో, విడి భాగాలుగా ఒక పెట్టెలో వచ్చి, ఇంట్లో మనమే అమర్చుకోవలసిన చెకుముకి తుపాకీ కిట్‌పై ఇది నా సమీక్ష. ఇందులో మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులూ ఉన్నాయి. ఒక్క పెట్టెను చూసి ఒక సంస్థ పనితనాన్ని తేల్చడం న్యాయం కాదు కనుక తయారీదారు పేరు రాయడం లేదు. పైగా మధ్యస్థమైన ధరలో దొరికే ఈ తరహా కిట్లన్నిటికీ ఇక్కడ చెప్పే మాటలు చాలావరకు వర్తిస్తాయి. తీర్పు ముందే చెబుతున్నాను. కొయ్య పని చాలా బాగుంది, లోహపు పని కొంతవరకే బాగుంది, సూచనల పుస్తకం బాగాలేదు. కిట్ కొన్నవారిలో ఎక్కువమంది చేసే ఫిర్యాదు ఒక్కటే: భాగాలు మరీ బిగువుగా ఉన్నాయి, వాటి చోట్లలో కూర్చోవడం లేదు అని. ఆ ఫిర్యాదులో సగం కిట్ తప్పు కాదు, అది కిట్‌లోని మంచి గుణం. తక్కిన సగం మాత్రం నిజంగా తప్పే. ఈ రెండిటినీ విడదీసి చూడకపోతే కిట్‌ను సరిగ్గా అంచనా వేయలేము, తుపాకీని సరిగ్గా అమర్చనూ లేము.

చట్టం సంగతి మొదట చెప్పుకోవాలి, ఎందుకంటే మన వైపు ఇంట్లో తుపాకీ తయారీ అనగానే నాటు తుపాకీ, దాని వెనకే పోలీసు కేసు గుర్తుకు వస్తాయి. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయడం నేరం, మూతి నుంచి మందు దట్టించే పాతకాలపు తుపాకీకి కూడా అక్కడ లైసెన్సు ఉండాలి. అందువల్ల ఈ సమీక్ష అమెరికాలో ఉంటూ, ఇక్కడి చట్టానికి లోబడి, ఈ అభిరుచిలోకి దిగాలనుకునే తెలుగువారికి మాత్రమే పనికివస్తుంది. అమెరికాలో 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం మూతి నుంచి మందు దట్టించే తుపాకీలను, వాటి నకళ్లను పురాతన ఆయుధాల కింద లెక్కకట్టి, మామూలు తుపాకీలకు వర్తించే ఫెడరల్ నిబంధనల నుంచి మినహాయించింది. అందుకే ఈ కిట్ తపాలాలో నేరుగా ఇంటికి వస్తుంది. అయితే రాష్ట్రాల చట్టాలు ఒక్కో చోట ఒక్కో విధంగా ఉంటాయి. ఉదాహరణకు న్యూజెర్సీలో ఈ మినహాయింపును నమ్ముకొని కొనడం మంచిది కాదు. డబ్బు కట్టే ముందే మీ రాష్ట్రపు నిబంధన చదువుకోవాలి.

ఈ నమూనా చరిత్ర తెలిస్తే బిగువు సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో జర్మనీ, స్విట్జర్లాండ్ ప్రాంతాల నుంచి వలస వచ్చిన తుపాకీ పనివారు పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ చుట్టుపక్కల స్థిరపడి, తమ దేశపు పొట్టి, లావు వేట రైఫిల్‌ను పొడవుగా, సన్నగా, చిన్న గుండు పట్టేలా మార్చారు. జేకబ్ డికర్ట్ వంటివారి పేర్లు ఆ కాలపు తుపాకీలపై నేటికీ కనిపిస్తాయి. వారి పనిలో ఏ రెండు తుపాకీల భాగాలూ ఒకదానికొకటి సరిపోయేవి కావు. లాక్‌లు, అంటే నిప్పు పుట్టించి తుపాకీని పేల్చే యంత్రాంగాలు, చాలావరకు ఇంగ్లండ్ నుంచో జర్మనీ నుంచో దిగుమతి అయ్యేవి. ఒక్కొక్క లాక్‌కు తగ్గట్టు ఒక్కొక్క కొయ్యను ఉలితో తొలిచేవారు. ఎవరు చేసిన భాగమైనా ఏ తుపాకీలోనైనా సరిపోవాలన్న పద్ధతి 1820వ దశకంలో హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలలో జాన్ హాల్ రైఫిళ్ల తయారీతో ఒక కొలిక్కి వచ్చింది. ఇప్పటి కిట్ ఈ రెండు కాలాల మధ్య నిలబడి ఉంది. కొయ్యనూ ఇనుమునూ కంప్యూటరు నడిపే యంత్రమే కోస్తుంది, కాని చివరి వెంట్రుకవాసి పని మాత్రం కొన్నవారి చేతికి వదిలేస్తుంది. ఆ వెంట్రుకవాసినే మనం బిగువు అంటున్నాం.

పెట్టెలో వచ్చినవి ఇవి: మేపుల్ కొయ్యతో దాదాపు ముగింపు ఆకారానికి వచ్చిన పూర్తి పొడవు స్టాక్ (తుపాకీ కొయ్య భాగం), 50 క్యాలిబర్ (అర అంగుళం రంధ్రం) అష్టభుజి బ్యారెల్, విడిగా అమర్చి పెట్టిన చెకుముకి లాక్, ట్రిగ్గర్, ఇత్తడి పోత పోసిన బట్ ప్లేట్ (భుజానికి ఆనే కొసన బిగించే పలక), ట్రిగ్గర్ గార్డు, మందు దట్టించే హికరీ కొయ్య కడ్డీ, ఆ కడ్డీ దూరే ఇత్తడి గొట్టాలు, సీలలు, మరలు. బ్యారెల్ వెనక మూత ఫ్యాక్టరీలోనే బిగించి వచ్చింది. దాన్ని ఎప్పుడూ విప్పకూడదు. ఆ మూత బిగింపు సరిగ్గా ఉండడం మీదే తుపాకీ పేల్చేవారి ముఖం ఆధారపడి ఉంటుంది. మేపుల్ పొర, అంటే కొయ్యలో నారలు సాగే తీరు, మెలికలు తిరిగి చారలు చారలుగా ఉంది, ఈ ధరకు ఇంత మంచి కొయ్య రావడం అరుదు. ఇత్తడి పోతలు మాత్రం ముతకగా ఉన్నాయి, పోత పోసిన చోట మిగిలిన మొటిమలు ఆకురాయితో తీసుకోవాలి. ప్యాకింగు గురించి చెప్పుకోవలసిందేమీ లేదు.

అసలు విషయం బ్యారెల్‌ను కొయ్యలో కూర్చోబెట్టడంతో మొదలవుతుంది. బ్యారెల్ వెనక భాగాన తోకలాగా ఒక ఇనుప పట్టీ ఉంటుంది, అది స్టాక్ మణికట్టు (చేత్తో పట్టుకునే సన్నని చోటు) మీదుగా వెనక్కి వంగి, తన గాడిలో సరిగ్గా దిగాలి. బ్యారెల్‌ను గాడిలో పెట్టి అరచేత్తో నొక్కితే ముందు వైపు అంతా చక్కగా దిగింది, వెనక కొసన మాత్రం రెండు మూడు కాగితాల మందం ఎత్తున ఆగిపోయింది. సూచనల పుస్తకం ఇక్కడ ఒక్క వాక్యం రాసి వదిలేసింది: దిగకపోతే రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి అని. ఇంతకంటే చెడ్డ సలహా ఉండదు. తోక కూర్చునే చోటు స్టాక్ మొత్తంలో అతి సన్నని చోటు. అక్కడ పొర వాలుగా సాగుతుంది, ఇనుప తోకను కొట్టి దింపితే అది చీలిక మేకులా పనిచేసి మణికట్టును నిలువునా చీలుస్తుంది. వానాకాలంలో ఉబ్బిన తలుపును భుజంతో నెడితే మహా అయితే చట్రం కదులుతుంది, ఇక్కడ మాత్రం ఆ ఒక్క దెబ్బతో స్టాక్ మొత్తం పొయ్యిలోకి పోతుంది.

ఎక్కడ తగులుతోందో తెలియకుండా కొయ్య తీయకూడదు, కొట్టకూడదు. ఇందుకు తుపాకీ పనివారు వందల ఏళ్లుగా వాడే ఉపాయం మసి. కొవ్వొత్తి మంట మీద ఇనుప తోకను ఆడిస్తే సన్నని మసి పూత పట్టుకుంటుంది. దాన్ని గాడిలో పెట్టి, బలంగా కాక స్థిరంగా నొక్కి, పైకి తీసి చూస్తే కొయ్యలో ఎక్కడ తగిలిందో అక్కడ నల్లచుక్క కనిపిస్తుంది. ఇందుకోసమే డబ్బాలలో అమ్మే రంగు ముద్ద కూడా దొరుకుతుంది. అది శుభ్రంగా ఉంటుందని దుకాణాలు చెప్పినా, వారం రోజులు గోళ్ల సందుల్లోంచి పోదు. మసితో చూసినప్పుడు కనిపించినది ఆసక్తికరంగా ఉంది. గాడి అడుగున నలుపు లేదు, పక్కల్లోనూ లేదు, వెనక చివరి రెండు మూలల్లో మాత్రమే చిక్కగా పడింది. కారణం వెంటనే అర్థమైంది. యంత్రపు కోత పరికరం గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి కొయ్యలో అది తొలిచే మూల ఎప్పుడూ కొంచెం గుండ్రంగానే మిగులుతుంది. ఇనుప తోక మూలలు మాత్రం చదరంగా ఉన్నాయి. చదరపు మూల గుండ్రని మూలలో దిగదు, అందువల్ల తోక మొత్తం పైకి లేచి కూర్చుంటోంది.

పావు అంగుళం వెడల్పున్న పదునైన ఉలితో ఆ రెండు మూలల్లో గోరంత పొర తీస్తే చాలు. గాడి అడుగున ఒక్క ముక్క కూడా తీయకూడదు. తోక బిగువుగా ఉందన్న తొందరలో అడుగు భాగం తొలిచేవారు చాలామంది ఉంటారు. అప్పుడు తోక దిగుతుంది గాని, దాని కింద ఖాళీ మిగిలి, పై మర బిగించినప్పుడు ఇనుము కిందికి వంగుతుంది, దాని వెంట బ్యారెల్ ముందు కొస పైకి లేస్తుంది. మసి పూయడం, దింపడం, తీయడం, నల్లచుక్క మీద మాత్రమే గీకడం అన్న ఈ వరుస విసుగు పుట్టిస్తుందని ఒప్పుకోవాలి. నా దృష్టిలో ఈ కిట్‌లో మనం డబ్బిచ్చి కొనుక్కునేది ఈ విసుగునే. ఆఖరికి తోక గాడిలో దిగినప్పుడు ఇనుముకూ కొయ్యకూ మధ్య గోరు కూడా దూరదు. గాడి ముందే వదులుగా ఉండి ఉంటే ఈ అమరిక ఎన్ని డబ్బులు పెట్టినా రాదు, ఎందుకంటే బిగువుగా ఉన్న కొయ్యను తగ్గించవచ్చు గాని తగ్గిన కొయ్యను తిరిగి అతికించలేము.

బ్యారెల్‌ను బయటికి తీసే పద్ధతి గురించి కూడా పుస్తకం మౌనంగా ఉంది. బిగువుగా దిగిన బ్యారెల్‌ను ఒక కొసన పట్టుకొని మీటితే గాడి అంచు చెక్క చిట్లుతుంది. స్టాక్ ముందు భాగంలో ఆ గోడలు అతి పలచగా ఉంటాయి. స్టాక్‌ను బోర్లించి, కింద మెత్తని గుడ్డ పరిచి, బ్యారెల్ తనంతట తాను సమంగా జారేలా మూతి వైపునా వెనక వైపునా ఏకకాలంలో లాగాలి. ఇంకొక పరీక్ష కూడా ఉంది. బ్యారెల్ వెనక ముఖం కొయ్య గోడకు పూర్తిగా ఆని ఉందా అని మసితో చూడాలి. పేల్చినప్పుడు వెనక్కి తన్నే బలాన్ని ఆ గోడే భరించాలి. అక్కడ సందు ఉంటే బలమంతా సన్నని సీలల మీదా తోక మర మీదా పడి, కొంతకాలానికి తోక వెనక కొయ్య పగులుతుంది. ఈ కిట్‌లో ఆ గోడ రెండు పక్కలా సమంగా నల్లబడింది. తయారీదారుకు ఇందుకు పూర్తి మార్కులు వేస్తాను.

లాక్ దగ్గరికి వచ్చేసరికి విషయం ఇంకా చిక్కనవుతుంది. చెకుముకి లాక్ అంటే ఒక ఇనుప పలక, దాని బయట రాయిని పట్టుకునే కాక్, రాయి తగిలి నిప్పురవ్వలు రాల్చే ఉక్కు రెక్క, మందు పోసే చిన్న గిన్నె, లోపలి వైపు పెద్ద స్ప్రింగు, గంట్లు ఉన్న టంబ్లర్, ఆ గంట్లలో పడి ఆపే సియర్ అనే మీట. అన్నీ బిగించిన లాక్‌ను ఒకేసారి కొయ్యలో దింపడానికి ప్రయత్నిస్తే ఎక్కడ తగులుతోందో ఎవరికీ అర్థం కాదు. స్ప్రింగులన్నీ తీసేసి, పలకను ఒంటరిగా దింపాలి. పలక అంచులు లోపలి వైపుకు కొద్దిగా ఏటవాలుగా ఉంటాయి కాబట్టి అది దిగేకొద్దీ బిగుసుకుంటుంది, ఆఖరి మందం దిగే ముందు మొండికేస్తుంది. ఆ ఏటవాలు ఉద్దేశపూర్వకంగా పెట్టినదే. పలక కూర్చున్నాక చుట్టూ వెలుతురు కనిపించకుండా ఉండడానికి కారణం అదే. పలక దిగి, బ్యారెల్ పక్కతలానికి ఆనిందని నిర్ధారించుకున్నాక ఒక్కొక్క లోపలి భాగాన్ని చేర్చుతూ, ప్రతి సారీ మసి పూసి చూడాలి. ఈ కిట్‌లో పలక గాడి మెచ్చుకోదగ్గ పనితనంతో కోసి ఉంది. పెద్ద స్ప్రింగు కదిలే చోటు మాత్రం ఇరుకుగా వదిలారు.

ఆ ఇరుకు కంటికి కనిపించదు, చెవికి వినిపిస్తుంది. లాక్‌ను చేతిలో పట్టుకొని వదిలితే కాక్ చటుక్కున పడుతుంది. అదే లాక్‌ను కొయ్యలో బిగించి వదిలితే చప్పుడు మందంగా, ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది. స్ప్రింగు కింది కొమ్మ వంగేటప్పుడు కొయ్యను రాస్తోందన్నమాట. చెకుముకి తుపాకీలో ఆ మందకొడితనం వల్ల రవ్వలు తగ్గుతాయి, గిన్నెలోని మందు అంటుకోవడం ఆలస్యమవుతుంది, గురి చెదురుతుంది. స్ప్రింగుకు మసి పట్టించి, ఖాళీ తుపాకీలో రాయికి బదులు చెక్క ముక్క పెట్టి ఒకటి రెండుసార్లు వదిలి చూస్తే గాడి పక్కన పొడవాటి నల్లని గీత పడింది. ఆ గీత మేరకు కొయ్య గీకగానే చప్పుడు తిరిగి పదునుగా వినిపించింది. సూచనల పుస్తకంలో ఇందుకు ఒక పేజీ కేటాయించి ఉంటే బాగుండేది. బదులుగా స్టాక్‌కు ఎన్ని పూతల నూనె వేయాలో నాలుగు పేజీలు రాశారు.

భద్రతకు సంబంధించిన చోట కొయ్య బిగువును తేలిగ్గా తీసుకోకూడదు. లాక్ మరలు పూర్తిగా బిగించాక సగం ఎత్తిన స్థితిలో కాక్ నిలబడుతోందా అని చూడాలి. మరలు బిగించే ముందు నిలబడి, బిగించాక నిలబడకపోతే సియర్ చేయి కొయ్యకో, ట్రిగ్గర్ మీటకో తగిలి పైకి లేస్తోందని అర్థం. అది తుపాకీ చేతిలో ఉండగా తనంతట తానే పేలే స్థితి. సియర్ చేయి చివర మసి పూస్తే తగిలే చోటు తెలుస్తుంది. అక్కడి కొయ్యను కాస్త తీస్తే సరిపోతుంది, లేదా ట్రిగ్గర్ మీట పైఅంచును తగ్గించాలి. టంబ్లర్ గంట్లను గాని, సియర్ ముక్కును గాని ఆకురాయితో ముట్టుకోకూడదు. వాటి ఉపరితలం గట్టిపరచి ఉంటుంది. పైపొర పోయాక లోపలి మెత్తని ఇనుము ఎప్పుడు అరిగిపోతుందో చెప్పలేము. ఇందులో ఏ మాత్రం సందేహం ఉన్నా లాక్‌ను అనుభవజ్ఞుడైన తుపాకీ పనివాడికి చూపించాలి. 1933లో మొదలై, ఇండియానా రాష్ట్రంలోని ఫ్రెండ్‌షిప్ అనే ఊరు కేంద్రంగా నడుస్తున్న నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ సభ్యులలో ఇలాంటి పనివారు చాలామంది ఉన్నారు, అడిగితే ఓపికగా చూసి చెబుతారు.

ఇక సీలలు. బ్యారెల్ కింద చిన్న చెవులు ఉంటాయి. స్టాక్ పక్క నుంచి పక్కకు దూరే సన్నని ఉక్కు సీలలు ఆ చెవుల రంధ్రాల గుండా పోయి బ్యారెల్‌ను పట్టి ఉంచుతాయి. ఈ కిట్‌లో రంధ్రాలు ముందే వేసి వచ్చాయి, సీలలు మాత్రం మొండిగా కోసిన తీగ ముక్కలు. మొండి కొసతో ఉన్న సీలను సుత్తితో తోస్తే అవతలి పక్క నుంచి బయటపడేటప్పుడు కొయ్య పెచ్చు ఊడిపోతుంది. సీల కొసను సన్నగా, పెన్సిల్ మొనలా కాక గుండ్రంగా నూరి, కొంచెం తేనెమైనం రాసి, ఎప్పుడూ ఒకే వైపు నుంచి తోసి మరో వైపు నుంచి తీయాలి. చెవుల రంధ్రాలను బ్యారెల్ పొడవు దిక్కుకు కాస్త సాగదీయమని కూడా సలహా ఇస్తాను. తేమకు స్టాక్ అడ్డంగా బాగా కదులుతుంది, పొడవునా చాలా తక్కువ కదులుతుంది. అయినా ఇంత పొడవైన స్టాక్‌లో ఆ కొద్ది కదలికకు సీల దారి ఇవ్వకపోతే స్టాక్ విల్లులా వంగి బ్యారెల్‌ను లాగుతుంది. పెన్సిల్వేనియాలో వేసవి ఉక్కపోతకూ, చలికాలంలో హీటరు వేసిన ఇంటి పొడిగాలికీ మధ్య తేడా చిన్నది కాదు. ఆగస్టులో గట్టిగా అమర్చిన భాగాలు జనవరిలో వదులుగా కనిపిస్తే అది ఎవరి తప్పూ కాదు. కిట్ రాగానే పెట్టె తెరిచి, స్టాక్‌ను కొన్ని వారాలు ఇంటి గాలికి వదిలి, ఆ తరవాతే ఉలి పట్టుకోవాలి.

ఇంతవరకు కొయ్యతో ఉన్న బిగువును సమర్థించాను. ఇనుముకూ ఇనుముకూ, ఇత్తడికీ ఇనుముకూ మధ్య ఉన్న బిగువును అలా సమర్థించలేను. లాక్‌ను పట్టి ఉంచే మరలు స్టాక్ అవతలి వైపు నుంచి వచ్చి లాక్ పలకలోని రంధ్రాల్లో బిగుసుకోవాలి. వీటిలో ఒక మర రెండు చుట్ల తరవాత కదలలేదు. కొయ్యలోని రంధ్రం వంకరగా ఉండి మర ఏటవాలుగా వస్తోందేమో అని కొయ్య లేకుండా విడిగా పలకలోనే తిప్పి చూస్తే అక్కడా అదే పరిస్థితి. పలకలోని మర గాట్లు సరిగ్గా కోయలేదు. ఇది కొన్నవారు నూరి, గీకి సరిచేసుకోవలసిన వెంట్రుకవాసి పని కాదు, ఫ్యాక్టరీలో వదిలేసిన పని. గిన్నెలోని మంటను బ్యారెల్‌లోకి చేర్చే నిప్పు రంధ్రంలో బిగించే చిన్న మర గొట్టం కూడా చివరి రెండు చుట్లు ఉండగానే ఆగిపోయింది. అది బ్యారెల్‌లో మందు ఉండే గదిలోకి వెళ్లే భాగం కాబట్టి అక్కడ బలం ప్రయోగించే ప్రశ్నే లేదు. సగం దిగిన గొట్టాన్ని అలాగే వదిలేసి పైభాగాన్ని ఆకురాయితో సమం చేస్తే చూపుకు బాగానే ఉంటుంది గాని, ఎన్ని మర చుట్లు ఇనుమును పట్టుకున్నాయన్నది ముఖ్యం.

ఈ రెండిటి గురించి తయారీదారుకు ఫోన్ చేస్తే, అటు మాట్లాడినవారు మొదట మరకు నూనె రాసి మెల్లగా తిప్పమన్నారు. గాట్లు సరిగా లేవని ఫొటోలు పంపాక వాదించకుండా వేరే పలక, వేరే గొట్టం పంపారు. రెండోసారి వచ్చినవి చేతి వేళ్లతోనే దిగాయి. మొదటిసారే చూసుకొని పంపి ఉండవలసింది. అయినా పాత భాగాలు వెనక్కి పంపమని అడగకుండా, తపాలా ఖర్చు తామే పెట్టుకొని పంపడం నచ్చింది. సేవ విషయంలో నా అసంతృప్తి ఒక్కటే: ఫోన్ ఎత్తినవారికి సూచనల పుస్తకంలో ఏముందో తెలియదు, పుస్తకం రాసినవారికి పెట్టెలో ఏమొస్తుందో తెలియదు.

మందు దట్టించే కడ్డీ కూడా గొట్టాల్లో బిగుసుకుంది, కాని అది వేరే కథ. హికరీ కడ్డీ గాలిలోని తేమకు ఉబ్బుతుంది. గరుకు కాగితంతో నాలుగు వైపులా సమంగా రుద్ది, చివరికి మైనం పట్టిస్తే జారుతుంది. గొట్టాలను లోపలి నుంచి పెద్దవి చేయకూడదు. ఇత్తడి తగ్గితే పొడి కాలంలో కడ్డీ గలగలలాడుతుంది, పేల్చినప్పుడు ముందుకు జారి బయటికి వస్తుంది. పొర కడ్డీ పొడవునా ఒక కొస నుంచి మరో కొసకు నేరుగా సాగుతోందా అని చూసుకోవడం ఇంతకంటే ముఖ్యం. పొర వాలుగా బయటపడిన కడ్డీ గుండును దట్టించేటప్పుడు విరిగి అరచేతిలో గుచ్చుకుంటుంది. నాకు వచ్చిన కడ్డీ పొర బాగానే ఉంది.

చెక్క మరల విషయంలో ఒక చిన్న మాట. మేపుల్ గట్టి కొయ్య. బట్ ప్లేట్ మరలను ముందుగా సరైన కొలత రంధ్రం వేయకుండా తిప్పితే తల తెగిపోతుంది, లేదా తలపై గాడి చెడిపోతుంది. రంధ్రం వేశాక కూడా సబ్బో మైనమో రాయాలి. మొదటిసారి మామూలు ఉక్కు మరతో దారి చేసి, ఆ తరవాత కిట్‌లోని మరను వాడితే తల అందంగా ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొన మర గాడిలో అంచు నుంచి అంచు వరకు నిండుగా కూర్చోవాలి. ఇంట్లో వాడే ఏటవాలు మొనలు తుపాకీ మరలకు పనికిరావు.

పనిముట్లన్నీ కిట్‌తో రావు. ఉలులు రెండు, సన్నని ఆకురాళ్లు, దవడలకు తోలు తొడిగిన బెంచ్ వైస్, సీలలు తోసే పంచ్, మంచి వెలుతురు ఉంటే సరిపోతుంది. ఖరీదైన పవర్ టూల్స్ అక్కర్లేదు. ఎలక్ట్రిక్ గ్రైండర్‌ను ఈ పని జరిగే గదిలోకి రానివ్వకపోవడమే మేలు, బిగువు మీద కోపం వచ్చినప్పుడు చెయ్యి ముందుగా దాని మీదికే పోతుంది.

కాల్చే ముందు పాటించవలసిన జాగ్రత్తలను పుస్తకం స్పష్టంగా రాసింది. ఆ ఒక్క విషయంలో దాన్ని మెచ్చుకోవాలి. పొగరాని ఆధునిక తుపాకీ మందును ఇందులో ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకూడదు, బ్యారెల్ పగిలిపోతుంది. పాతకాలపు నల్లని మందు మాత్రమే వాడాలి. దానికి బదులుగా దొరికే కొత్త రకాలు చెకుముకి రవ్వకు అంత తేలిగ్గా అంటుకోవు. ఐరోపాలోని పలు దేశాల్లో ప్రతి బ్యారెల్‌నూ పరీక్షించి ముద్ర వేసే చట్టం ఉంది, అమెరికాలో అలాంటి నిర్బంధం లేదు. కనుక మొదటిసారి పేల్చే ముందు అనుభవం ఉన్న మనిషి చేత తుపాకీ మొత్తాన్ని చూపించుకోవడం మంచిది.

ధర విషయానికి వస్తే, ఇదే నమూనాలో దీనికంటే తక్కువకు దొరికే కిట్లలో స్టాక్ తరచు రెండు ముక్కలుగా, మధ్యలో ఇత్తడి పలకతో అతికి ఉంటుంది. అందులో బిగువు సమస్యలు తక్కువ, ఎందుకంటే గాడులు వదులుగా వదిలేస్తారు. అవి పేలుతాయి, కాని ఇనుముకూ కొయ్యకూ మధ్య సందులు కనిపిస్తూనే ఉంటాయి. వెయ్యి డాలర్లు దాటిన కిట్లలో కొయ్య గాడులు మరింత కచ్చితంగా ఉంటాయి, బిగువు మరింత ఎక్కువగా ఉంటుంది, కాని తీయవలసిన కొయ్య చాలా తక్కువ. మసి పూసి చూసే ఓపిక ఉంటే ఆ అదనపు డబ్బు పెట్టనక్కర్లేదు. కొయ్య పనికి పూర్తిగా కొత్తవారు, ఉలి పదును పెట్టడం రానివారు మాత్రం ఆ ఖరీదైన కిట్‌ను కొనడం మేలు, లేదా ముందు ఒక మేపుల్ ముక్కలో ఇనుప పట్టీ కూర్చోబెట్టి అభ్యాసం చేయాలి. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తరవాత చెకుముకి తుపాకీతో జింకల వేటకు ప్రత్యేక కాలం ఉంటుంది. దానికి సిద్ధం కావాలని నవంబరులో కిట్ తెప్పించుకొని తొందరపడేవారికి ఈ కిట్ అసలు పనికిరాదు.

కొయ్య పనికి ఐదులో నాలుగున్నర, లాక్ చేతిలో ఉన్నప్పుడు నాలుగు, మర గాట్లకు రెండు, సూచనల పుస్తకానికి ఒకటి ఇస్తాను. ఇంకో కిట్ కొనవలసి వస్తే ఈ సంస్థ దగ్గరే కొంటాను. కాకపోతే పెట్టె రాగానే కొయ్య జోలికి పోకుండా, ప్రతి మరనూ దాని లోహపు రంధ్రంలో చేతి వేళ్లతో తిప్పి చూసి, దిగనివాటిని అదే రోజున తిరిగి పంపుతాను.